ఎంఐపీ టికెట్: ఫైన్ కట్టేసి వదిలేద్దాం అనుకునే తల్లిదండ్రులకు

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో పిల్లాడు బీరుతో పోలీసులకు దొరికి ఎంఐపీ టికెట్ (మైనర్ ఇన్ పొసెషన్, అంటే 21 నిండకుండా మందు దగ్గర పెట్టుకున్న కేసు) తెచ్చుకున్నాడంటే ముందు కేకలు పడతాయి, తర్వాత ఫైన్ కట్టేస్తారు, ఆ తర్వాత ఆ సంగతి చుట్టాలకీ స్నేహితులకీ తెలియకుండా జాగ్రత్తపడతారు. లాయర్‌ని ఒకమాట అడుగుదాం అన్న ఆలోచనే రాదు. "కొన్ని వందల డాలర్లు పోతే పోయాయి, పరువు దక్కింది చాలు" అంటారు. నాకు ఆ మాట మీదే కోపం. చాలా రాష్ట్రాల్లో ఆ ఫైన్ కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే లెక్క, కోర్టు రికార్డులో కన్విక్షన్ (నేరం రుజువైంది) అని పడిపోతుంది, దక్కించుకున్నాం అనుకున్న ఆ పరువు నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లోనో సిటిజన్‌షిప్ ఫారంలోనో మళ్ళీ ప్రశ్నగా వచ్చి కూర్చుంటుంది.

నేను లాయర్‌ని కాదు. డల్లాస్ దగ్గర ఉంటాను, ఇంట్లో ఇద్దరు టీనేజ్ పిల్లలున్నారు, తెలిసినవాళ్ళ పిల్లలకి ఇలాంటి టికెట్లు పడినప్పుడు పక్కన కూర్చుని కాగితాలు చదివినవాణ్ణి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లాడు తప్పు చేశాడా లేదా అన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి. పోలీసు ముందు, జడ్జి ముందు వాడికి రాజ్యాంగం ఇచ్చిన హక్కులున్నాయి, అవి తాగని పిల్లలకి ఎంతో, తాగిన పిల్లలకీ అంతే. ఈ రెండింటినీ మనం కలిపేసుకుంటున్నాం. వాడికి బుద్ధి రావాలని హక్కులు వదులుకోమంటున్నాం.

ముందు వయసు లెక్క చూడండి, చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. మందు విషయంలో మైనర్ అంటే 21 నిండని ప్రతి ఒక్కరూ. క్రిమినల్ చట్టానికి వచ్చేసరికి చాలా రాష్ట్రాల్లో 18 నిండితే పెద్దవాళ్ళే, మా టెక్సాస్‌లో అయితే 17కే. అంటే కాలేజీలో చదివే 19 ఏళ్ళ అమ్మాయి బీరు కొనడానికి చిన్నపిల్ల, కేసు పెట్టడానికి పెద్దమనిషి. జువెనైల్ రికార్డుకి ఉండే గోప్యత ఆ అమ్మాయికి ఉండదు. "పిల్లల కేసు కదా, ఎవరికీ కనబడదులే" అన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఈ 21 ఎక్కడిదంటే 1984లో రీగన్ సంతకం పెట్టిన చట్టం నుంచి వచ్చింది. 21 లోపు వాళ్ళు మందు కొనడాన్నీ, బహిరంగంగా దగ్గర పెట్టుకోవడాన్నీ నిషేధించని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత పెడతాం అంది ఫెడరల్ ప్రభుత్వం. సౌత్ డకోటా కోర్టుకెళ్ళి 1987లో ఓడిపోయింది. దాంతో అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి గానీ శిక్ష ఎంత, మినహాయింపులేంటి అన్నది ఎవరికి వాళ్ళు రాసుకున్నారు. మిషిగన్‌లో 2018 నుంచి మొదటిసారి దొరికితే అది నేరమే కాదు, సివిల్ ఇన్‌ఫ్రాక్షన్, ఫైన్ 100 డాలర్ల దాకా. న్యూజెర్సీలో 2021లో మార్చిన చట్టం ప్రకారం బహిరంగంగా దొరికిన కుర్రాళ్ళకి రాతపూర్వక హెచ్చరికతో మొదలుపెట్టాలి. కాలిఫోర్నియాలో అదే పని మిస్‌డిమీనర్, అంటే చిన్నపాటి నేరం. టెక్సాస్‌లో క్లాస్ సి మిస్‌డిమీనర్, 500 డాలర్ల దాకా ఫైన్, 8 నుంచి 12 గంటల కమ్యూనిటీ సర్వీసు, ఆల్కహాల్ అవేర్‌నెస్ క్లాసు, కన్విక్షన్ పడితే 30 రోజులు డ్రైవింగ్ లైసెన్స్ సస్పెన్షన్. అదే టెక్సాస్‌లో తల్లో తండ్రో కళ్ళెదుట ఉండగా తాగితే ఈ కేసే లేదు. అందుకని న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావమరిది ఇచ్చిన సలహా మా టెక్సాస్ ప్లేనోలో పనికిరాదు, ప్లేనోలో విన్నది మిషిగన్ ఆన్ ఆర్బర్‌లో పనికిరాదు.

ఇక ఆ రాత్రి సంగతి. ఎవరింట్లోనో పార్టీ, పక్కింటివాళ్ళు చప్పుడని ఫోన్ చేశారు, పోలీసులు వచ్చారు, అందరినీ లాన్ మీద నిలబెట్టారు. ఆఫీసర్ చాలా మర్యాదగా, ఒక్కోసారి స్నేహంగా కూడా, "ఈ రాత్రి ఎన్ని తాగావు?" అని అడుగుతాడు. మన పిల్లలకి మనం నేర్పిందేంటి? పెద్దవాళ్ళు అడిగితే సమాధానం చెప్పాలి, యూనిఫాంలో ఉన్నవాళ్ళకి ఎదురుచెప్పకూడదు, నిజం ఒప్పుకుంటే వదిలేస్తారు. వాడు "రెండే సార్" అంటాడు. కేసు అక్కడితో అయిపోయింది. ఆ డబ్బా ఎవరిదో, వాడి చేతిలో ఉందో పక్కన టేబుల్ మీద ఉందో రుజువు చేసే పని ఆ ఒక్క మాటతో తప్పింది. కొన్ని రాష్ట్రాల్లో ఒంట్లో ఆల్కహాల్ ఉండటం కూడా కేసే కాబట్టి "నా చేతిలో లేదు సార్, ఇందాక కొంచెం తాగానంతే" అన్నా లాభం లేదు, అదీ ఒప్పుకోలే.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు, "మిరాండా హక్కులు (మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని అడగొచ్చు అని పోలీసులు చదివి వినిపించేవి) చదవలేదు కదా, కేసు చెల్లదు" అంటారు. సినిమాలు చూసి చూసి వచ్చిన నమ్మకం ఇది. 1966 నాటి మిరాండా తీర్పు వర్తించేది కస్టడీలో పెట్టి ప్రశ్నించినప్పుడు. లాన్ మీద నిలబెట్టి నాలుగు ప్రశ్నలడగడం, రోడ్డు పక్కన కారాపి అడగడం సాధారణంగా కస్టడీ కిందికి రావు. ఆఫీసర్ ఏ హక్కులూ చదవనక్కర్లేదు, పిల్లాడు చెప్పిన ప్రతి మాటా రిపోర్టులోకి ఎక్కుతుంది. 18 లోపు పిల్లల విషయంలో కస్టడీ అవునా కాదా అని తేల్చేటప్పుడు వయసు కూడా చూడాలని 2011లో ఒక 13 ఏళ్ళ నార్త్ కరోలినా కుర్రాడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే, కానీ అది తర్వాత కోర్టులో లాయర్ వాదించుకోవడానికి పనికొచ్చేది. ఆ రాత్రి లాన్ మీద పిల్లాణ్ణి కాపాడేది వాడి నోరే.

ఊరికే తల దించుకుని నిలబడితే కూడా సరిపోదు. 2010లో బెర్గ్యూస్ కేసులో కోర్టు ఏమందంటే, మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని నోటితో చెప్పాలి. 2013లో టెక్సాస్ నుంచే వెళ్ళిన సాలినాస్ కేసులో, అరెస్టుకి ముందు ఆ మాట అనకుండా ఊరుకుంటే ఆ మౌనాన్ని కూడా విచారణలో వాడుకోవచ్చని తేలింది. "లాయర్‌తో మాట్లాడితే బాగుంటుందేమో" అని నసిగితే చెల్లదని 1994లోనే చెప్పేశారు. 1979లో ఇంకో తీర్పు ఉంది, 16 ఏళ్ళ కుర్రాడు నా ప్రొబేషన్ ఆఫీసర్‌ని పిలవండి అని అడిగితే అది లాయర్‌ని అడిగినట్టు కాదన్నారు. చాలా రాష్ట్రాల్లో "మా డాడీని పిలవండి" అన్నదానికీ దాదాపు అదే గతి. మన పిల్లలు భయంలో అనేది సరిగ్గా ఆ మాటే. అందుకే మా ఇంట్లో పిల్లల చేత ఇంగ్లీషులో ఈ వాక్యాలు గట్టిగా అనిపించాను, పాఠం అప్పజెప్పించుకున్నట్టు: "ఐ డోంట్ వాంట్ టు ఆన్సర్ క్వశ్చన్స్. ఐ వాంట్ ఎ లాయర్. ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్. యామ్ ఐ ఫ్రీ టు లీవ్?" మా చిన్నది మొదట నవ్వింది, తర్వాత "సర్ అని కూడా కలపనా నాన్నా" అంది. కలపమన్నాను. గొంతు పెంచకుండా, చేతులు కనబడేలా పెట్టి, సర్ అంటూనే చెప్పొచ్చు ఇదంతా.

కొన్ని పనులు మాత్రం ఏ పరిస్థితిలోనూ చెయ్యకూడదు. పేరు అబద్ధం చెప్పకూడదు, వయసు అబద్ధం చెప్పకూడదు, అన్నయ్య ఐడీ చూపించకూడదు, పారిపోకూడదు, చెయ్యి విదిలించుకోకూడదు. బీరు టికెట్ అనేది చిన్న కేసు, దొంగ పేరు చెప్పడం దాని మీద ఇంకో కేసు, ఫేక్ ఐడీ చాలా చోట్ల ఇంకా పెద్ద కేసు. అసలు పేరు, పుట్టిన తేదీ చెప్పి అక్కడ ఆగిపోవడమే క్షేమం.

సోదా దగ్గర కూడా అంతే. బ్యాగ్ చూడొచ్చా అని ఆఫీసర్ అడిగాడంటే చాలాసార్లు మన అనుమతి లేకుండా చూడటానికి ఆయన దగ్గర సరైన కారణం లేదనే అర్థం. వద్దనే హక్కు ఉందని ఆయన చెప్పనక్కర్లేదు, 1973 నుంచీ అదే చట్టం. న్యూజెర్సీలో మాత్రం 2021 మార్పు తర్వాత ఇలాంటి కేసులో మైనర్‌ని సోదాకి ఒప్పుకోమని అడగనే కూడదు. ఫోన్ అయితే 2014 రైలీ తీర్పు తర్వాత అరెస్టు చేసినా సరే వారెంట్ లేకుండా లోపల చూడటానికి వీల్లేదు, కానీ పిల్లాడే అన్‌లాక్ చేసి చేతికిచ్చేస్తే ఆ రక్షణ పోయినట్టే. ఇంట్లోకి రావాలన్నా వారెంట్ కావాలి, లేదా ఎవరో ఒకరు రానివ్వాలి, లేదా ప్రాణాపాయం లాంటి అత్యవసరం ఉండాలి. మందు పార్టీ చప్పుడు ఒక్కటే ఆ అత్యవసరం కాదు. 2021లో లాంజ్ కేసులో, చిన్న నేరం చేసినవాణ్ణి వెంటబడి వచ్చామన్న ఒక్క కారణంతో ఎప్పుడు పడితే అప్పుడు గరాజ్‌లోకి దూరిపోవడానికి లేదని తేల్చారు. పార్టీల్లో జరిగేదేంటంటే, తలుపు దగ్గర ఎవరో తెలియని కుర్రాడు "కమిన్ ఆఫీసర్" అనేస్తాడు. ఇంటి పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి, బయటికొచ్చి, వెనక తలుపు వేసి మాట్లాడమని.

ఊదే పరీక్ష గురించి రెండు వేరు వేరు లెక్కలున్నాయి. నడుచుకుంటూ పోయే కుర్రాణ్ణి, లాన్ మీద నిలబడ్డ పిల్లని వారెంట్ లేకుండా బలవంతంగా ఊదించడం చెల్లదని మిషిగన్‌లో ఫెడరల్ కోర్టు 2007లో చెప్పింది. స్టీరింగ్ వెనక ఉన్నవాడి సంగతి పూర్తిగా వేరు. రోడ్డు మీద కారు నడపడమంటేనే పరీక్షకి ఒప్పుకున్నట్టు లెక్క కాబట్టి అరెస్టు చేశాక కాదంటే లైసెన్స్ పోతుంది, టెక్సాస్‌లో 180 రోజులు. పైగా 21 లోపు డ్రైవర్లకి రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం అన్న పెద్దవాళ్ళ పరిమితి వర్తించదు, ఎక్కడైనా 0.02 కన్నా ఎక్కువ ఉండదు, టెక్సాస్‌లో కొంచెం కనబడినా కేసే. తాగి కారు నడిపిన పిల్లాడి గురించి నేను ఈ వ్యాసంలో వకాల్తా తీసుకోవడం లేదు.

ఇంకొక్క విషయం, అన్నిటికన్నా ముఖ్యమైంది. పార్టీలో ఎవరైనా స్పృహ తప్పితే 911 కొట్టాలి. టికెట్ పడుతుందని భయపడి స్నేహితుణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి వెళ్ళిపోతున్నారు పిల్లలు. చాలా రాష్ట్రాలు ఈ భయం పోవాలనే చట్టం మార్చాయి. టెక్సాస్‌లో అయితే మొదట ఫోన్ చేసినవాళ్ళు అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండి సహకరిస్తే మందు దగ్గరుందన్న కేసు వాళ్ళ మీద ఉండదు. ఈ రక్షణ లేని చోటైనా ఫోన్ చెయ్యాల్సిందే, ఆ ఫైన్ నేను కడతానని మా పిల్లలకీ, వాళ్ళ స్నేహితులకీ చెప్పి ఉంచాను.

సరే, టికెట్ చేతికొచ్చింది. కిరాణా రశీదులా పొడుగ్గా ఉండే ప్రింటెడ్ కాగితం అది. పైన సైటేషన్ నంబర్, పేరు, అడ్రస్, ఆ కింద నేరం పేరు పొట్టి అక్షరాల్లో, సంతకం గీత దగ్గర చిన్న అచ్చులో ఫలానా తేదీలోపు కోర్టుకి హాజరవుతానని మాట ఇస్తున్నట్టు ఒక వాక్యం. సంతకం పెట్టడమంటే నేరం ఒప్పుకోవడం కాదు, వస్తానని చెప్పడమే, కాబట్టి పెట్టెయ్యాలి. పెట్టనని మొరాయిస్తే అక్కడే అరెస్టు చెయ్యొచ్చు. ఫైన్ తప్ప జైలు లేని నేరానికి కూడా అరెస్టు చెల్లుతుందని 2001లో మా టెక్సాస్ సీటుబెల్టు కేసులోనే సుప్రీంకోర్టు అంది.

ఆ కాగితం మీద ఉండే తేదీ చాలా ముఖ్యం. నాకు బాగా తెలిసిన ఒకాయన, తమ్ముడిలాంటివాడు, కొడుకు టికెట్‌ని రెండు వారాలు గ్లవ్ కంపార్ట్‌మెంట్‌లో పెట్టుకుని తిరిగాడు, భార్యకి కూడా చెప్పకుండా. ఆఖరి రోజు ముందు రాత్రి నాకు ఫోన్ చేసి "అన్నా, ఆన్‌లైన్‌లో పే బటన్ పని చెయ్యట్లేదు" అన్నాడు. అది పని చెయ్యకపోవడమే ఆ కుటుంబం అదృష్టం. టెక్సాస్‌లో ఈ మందు కేసుల్లో మైనర్ నేరం ఒప్పుకోవాలన్నా బహిరంగ కోర్టులో జడ్జి ముందు నిలబడే ఒప్పుకోవాలని చట్టంలోనే ఉంది. ఇంట్లో కూర్చుని కార్డు నంబర్ కొట్టి ముగించడం కుదరదు. కోర్టుకెళ్ళి నాట్ గిల్టీ అన్నారు, ప్రాసిక్యూటర్‌తో మాట్లాడితే డిఫర్డ్ డిస్పోజిషన్ దొరికింది. క్లాసుకి వెళ్ళి, సర్వీసు చేసి, గడువులో ఇంకే గొడవలోనూ ఇరుక్కోకపోతే కేసు కొట్టేస్తారు. అందరికీ ఇదే దొరుకుతుందని కాదు, అడిగినవాళ్ళకే దొరుకుతుంది. తప్పు ఒప్పుకోవడం గొప్ప గుణం, నాకూ తెలుసు. కానీ మొదటి రోజు నాట్ గిల్టీ అనడం అబద్ధం ఆడటం కాదు, మీ దగ్గరున్న సాక్ష్యం చూపించండి అని ప్రభుత్వాన్ని అడగడం. పిల్లలకీ ఆ హక్కు ఉందని 1967లో గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 15 ఏళ్ళ అరిజోనా కుర్రాడి కేసు అది.

లాయర్ ఖర్చు మాత్రం మనదే. జైలు శిక్ష పడని కేసులకి ప్రభుత్వం ఉచితంగా లాయర్‌ని ఇవ్వాల్సిన పని లేదని 1979 నుంచి ఉంది. ఒక సాయంత్రం ఫంక్షన్ హాల్‌కి, డెకరేషన్‌కి పెట్టే డబ్బులో కొంత పెడితే కొడుకు రికార్డు శుభ్రంగా ఉంటుందంటే, నాకైతే అందులో ఆలోచించాల్సింది కనబడదు.

"మీరు పిల్లలకి తప్పించుకోవడం నేర్పుతున్నారు" అని నన్ను మొహం మీదే అడిగారు ఒక పెద్దాయన. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, ఆయన భయపడేది పిల్లలకి భయం పోతుందని. నా పిల్లలు తాగడం నాకూ ఇష్టం లేదు. దొరికితే కారు తాళాలు తీసుకుంటాను, ఎన్ని నెలలన్నది మా ఆవిడ తేలుస్తుంది. కానీ 18 ఏళ్ళ వయసులో ఒక శనివారం చేసిన పనికి ఇంట్లో పడే శిక్ష ముగుస్తుంది, కన్విక్షన్ ముగియదు. పైగా హక్కు వాడుకోవడం ఎదురుతిరగడం అన్నట్టు పెంచితే, రేపు నిజంగా ఏ తప్పూ చెయ్యని రోజున కూడా వాడు ఎవరో అడిగారని ఏదో ఒకటి ఒప్పేసుకుంటాడు. కాలేజీ పిల్లలైతే క్యాంపస్ విచారణ వేరే నడుస్తుంది, అక్కడ చెప్పింది ఇక్కడికీ రావచ్చు. 21 లోపు వాళ్ళ మందు గొడవల్ని తల్లిదండ్రులకి చెప్పడానికి 1998 నుంచి కాలేజీలకి ఫెడరల్ చట్టమే అనుమతిస్తోంది, కాబట్టి దాచిపెట్టినా ఉత్తరం ఇంటికి రావచ్చని పిల్లలకి ముందే తెలియాలి.

మనవాళ్ళు అసలు పట్టించుకోనిది ఇమిగ్రేషన్ సంగతి. హెచ్4 (తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద పెరిగి 21 దగ్గరపడి ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారాల్సిన పిల్లలు, వీసా స్టాంపింగ్‌కి వెళ్ళాల్సిన పిల్లలు మన ఇళ్ళల్లో ఎంతమందో. ఒక్క బీరు కేసుకి మామూలుగా దేశం నుంచి పంపించెయ్యరు, ఆ టెన్షన్ అక్కర్లేదు. కానీ వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కన్విక్షన్ పడిందా అని అడుగుతారు, సిటిజన్‌షిప్ ఫారంలో సైటేషన్ పడిందా అని కూడా అడుగుతారు. ఫేక్ ఐడీ అయితే మోసం కిందికి లాగే ప్రమాదం ఉంది. 2025 ఏప్రిల్‌లో వేలాది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డుల్ని ఉన్నట్టుండి రద్దు చేసినప్పుడు, చిన్నచిన్న పోలీసు రికార్డులున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. తర్వాత పునరుద్ధరించారు గానీ ఆ వారాల్లో ఆ తల్లిదండ్రులు పడ్డ నరకం అంతా ఇంతా కాదు. ఇంకో చిక్కు, రాష్ట్రం కోర్టు కేసు కొట్టేశాం అన్నా, మొదట గిల్టీ అని చెప్పి ఏదో ఒక శిక్ష ఒప్పుకుని ఉంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే చూడొచ్చు. అందుకే వీసా మీద ఉన్న పిల్లలకి 18 దాటాక కోర్టులో ప్లీ (గిల్టీయా, నాట్ గిల్టీయా అన్న జవాబు) చెప్పేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగాలి, చెప్పిన తర్వాత కాదు.

రికార్డు తుడిపించుకునే అవకాశం కూడా ఉంది. టెక్సాస్‌లో ఇలాంటి కన్విక్షన్ ఒక్కటే ఉన్నవాళ్ళు 21 నిండాక ఎక్స్‌పంక్షన్‌కి, అంటే ఆ రికార్డు తుడిచెయ్యమని, అప్లై చెయ్యొచ్చు. అయితే ఆ పిటిషన్ వెయ్యకముందే కోర్టు క్లర్క్ దగ్గరికెళ్ళి సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ఇచ్చే ధృవీకరణ) కాపీలు తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి, ఒకటి కాదు, రెండు మూడు. తుడిచేసిన తర్వాత క్లర్క్ దగ్గర ఇవ్వడానికి కాగితమే ఉండదు, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఆఫీసర్ మాత్రం తుడిచేసిన కేసైనా సరే దాని కాగితం చూపించమంటాడు.